ధర్మరాజు చూచిన చెట్టు

యుద్ధవిద్య నేర్పువారిని ఆదినుండియు ఒక చిక్కు వెంటాడుచునే యున్నది. ఈత నేర్చువాడు నీటిలో దిగియే నేర్చును. కాని ప్రాణాపాయము నెదుర్కొనుట నేర్పవలసి వచ్చినప్పుడు ప్రాణాపాయమునే తెచ్చి శిష్యుని ముందు నిలుపుటకు వీలులేదు, నిలుపకుండ నేర్పిన విద్య ఆపద్వేళ అక్కఱకు వచ్చునా యను సందేహమును తీరదు. గడ్డిబొమ్మలను పొడిచియు, కొయ్యపలకలను గుఱిచూచి కాల్చియు, తమలో తాము రెండు పక్షములుగా చీలి ఉత్తుత్తి పోరాటములు సాగించియు సైనికులు ఇన్ని శతాబ్దములు గడపిరి. ఇప్పుడు కన్నులకు చిన్నపెట్టె వంటి హెడ్‌సెట్ తగిలించి, చెవులకు శబ్దము కూర్చి, లేని వీధిని ఉన్నట్లును, లేని శత్రువు ఎదుట నిలిచినట్లును భ్రమింపజేసి నేర్పు పద్ధతి వ్యాప్తికి వచ్చినది. వర్చువల్ రియాలిటీ యని దీనికి పేరు. దీనినిగూర్చి వచ్చు వ్రాతలలో ఆశ్చర్యము పాలెక్కువ. ఆ పెట్టె ఏది నేర్పగలదు, ఏది నేర్పలేదు అను విచారము తక్కువ.

ఈ మార్గమునకు మూలపురుషుడు సైనికుడు కాడు, వాద్యములు చేయువాని కుమారుడు. న్యూయార్కు రాష్ట్రమందలి బింగ్‌హామ్టన్ పట్టణమున ఎడ్విన్ లింక్ తండ్రికి పైపు ఆర్గానులును, తమంతట తామే పలుకు పియానోలును తయారుచేయు కర్మాగారముండెను. విమానము నడుపుట నేర్వవలెనని ఉవ్విళ్లూరిన ఆ యువకునికి, నిజమైన విమానమెక్కి నేర్చుకొనుట మోయలేని ఖర్చుగా తోచినది. గాలిని పీల్చి వదలుచు ఆర్గానును పలికించు తిత్తులే ఒక చిన్న కొయ్యవిమానమును పైకి క్రిందికిని, ప్రక్కలకును ఊపగలవు గదా యని అతనికి తట్టినది. 1929లో సిద్ధమైన ఆ యంత్రమును మొదట ఆదరించినవారు వినోదశాలల యజమానులు. సైన్యము దానివైపు కన్నెత్తి చూడలేదు. 1934లో అమెరికా ప్రభుత్వము విమానతపాలాను మోయు బాధ్యతను సైనిక వైమానికులకు అప్పగించినది. మంచులోను, మబ్బులలోను, చీకటిలోను కేవలము పరికరముల ముల్లులను నమ్మి విమానము నడుపు అభ్యాసము లేని ఆ యువకులలో పదిమందికి పైగా కొలది వారములలోనే కూలి మరణించిరి. అప్పుడు గాని సైన్యమునకు లింక్ పెట్టె జ్ఞప్తికి రాలేదు. ఒక్కొక్కటి 3,500 డాలర్ల వంతున ఆఱు యంత్రములను కొనిరి; రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి లక్షలకొలది వైమానికులు ఆ నీలిరంగు పెట్టెలో కూర్చుండి విద్య నభ్యసించిరి.

ఇందులో గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ పెట్టె బయటి లోకమును చూపుటకు ప్రయత్నింపనేలేదు. మూత వేసినంతనే శిష్యునికి కనిపించునవి ముల్లులు తిరుగు పలకలు మాత్రమే. మబ్బులో చిక్కిన మనిషికి తన దేహము చెప్పునది అబద్ధమనియు, ఎదుటనున్న ముల్లు చెప్పునదే నిజమనియు నమ్మించుట యను ఒక్క పనినే అది పెట్టుకొన్నది. ఆ ఒక్క పనిని చక్కగా చేసినది. తరువాతి యంత్రములలో జయించినవన్నియు ఈ మితమును పాటించినవే యని నాకు తోచును.

తలకు తొడుగు యంత్రము 1968లో పుట్టినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఐవన్ సదర్లండ్ శిష్యసహాయముతో నిర్మించిన ఆ పరికరము పైకప్పునుండి వ్రేలాడుచుండెను. అందు కనిపించినవి గీతలతో ఏర్పడిన ఆకారములే. పిమ్మట ఓహాయోలోని రైట్-ప్యాటర్సన్ వైమానికస్థావరమున టామ్ ఫర్నెస్ అను పరిశోధకుడు యుద్ధవిమానచోదకుల కొఱకు భారీ శిరస్త్రాణమును కల్పించెను. ఇవి యన్నియు ఒక మనిషిని ఒక యంత్రముతో కలుపు ప్రయత్నములు. కాని యుద్ధమున ఒంటరిగా చేయు పనులు బహు తక్కువ. అనేకులను ఒకే కల్పితరంగమున చేర్చుట యను ఆలోచన జాక్ థోర్ప్ అను వైమానికదళాధికారిది. 1983లో అమెరికా రక్షణశాఖ పరిశోధనాసంస్థయైన డార్పా ఆశ్రయమున ఆయన ప్రారంభించిన సిమ్‌నెట్ పథకమే దానికి రూపము.

ఆ దినములలో సిమ్యులేటరు కట్టువారికి యథార్థానుకరణమే పరమధర్మముగా నుండెను. ప్రతి మీటయు, ప్రతి దీపమును ఉన్నదున్నట్లు చేయబూనుటచే ఖర్చు ఆకాశమునంటుచుండెను. థోర్ప్ బృందము దారి మార్చినది. ట్యాంకులోని నలుగురు సిబ్బంది తమలో తాము మాటలాడుకొని, పొరుగు ట్యాంకులతో కలిసి కదలుటకు ఏవి కావలెనో అవి మాత్రము పనిచేయునట్లు చేసి, మిగిలిన మీటలను పలకపై బొమ్మలుగా విడిచిరి. కెంటకీ రాష్ట్రములోని ఫోర్ట్ నాక్స్ నందు ఫైబర్‌గ్లాసు పెట్టెలలో కూర్చున్నవారికి బయట కనిపించు కొండలు ముక్కలు ముక్కలుగా, చెట్లు అట్టబొమ్మలవలె ఉండెడివి. అయినను పది నిమిషములలో వారు చెమటలు క్రక్కుచు కేకలు వేసికొనుచుండిరట. ఏలయన అవతలి పెట్టెలలో నున్నవారు నిజమైన మనుష్యులు; వారి తెలివియు, తొందరపాటును, పొరపాటును నిజమైనవి.

1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో ఇసుకగాలి వీచుచుండగా కెప్టెన్ మెక్‌మాస్టర్ నాయకత్వమందలి తొమ్మిది అమెరికన్ ట్యాంకులు ఇరాకీ సాయుధదళమునకు ఎదురుపడి, ఇరువదిమూడు నిమిషములలో దానిని ధ్వంసము చేసినవి. పటముమీది గీత పేరున దానిని 73 ఈస్టింగ్ యుద్ధమందురు. యుద్ధానంతరము పరిశోధకులు అందు పాల్గొన్న సైనికులను ప్రశ్నించి, నేలను కొలిచి, నిమిష నిమిషమునకు ఏ ట్యాంకు ఎచట నుండెనో నిర్ణయించి, ఆ యుద్ధమునంతయు సిమ్‌నెట్‌లో మరల నడపిరి. సైన్యము పెట్టెలలో నేర్చినది ఎడారికి పోయినది; ఎడారిలో జరిగినది తిరిగి పెట్టెలలో ప్రవేశించినది. ఇది చాల గొప్ప పని యని ఒప్పుకొనవలసినదే. అయినను అది గెలిచినవారి జ్ఞాపకములనుండి కూర్చిన యుద్ధమనియు, మంచి ఉష్ణదర్శినులు గలవారు లేనివారిపై సాధించిన విజయమనియు శిష్యునికి ఎవరైనను చెప్పుచుండవలెను. లేకున్న తరువాతి శత్రువు కూడ ఇసుకలో కన్నుగానక నిలువబడియుండునని వాడు నమ్మును.

ఇక దేహము సంగతి. ఈ యంత్రములు మనిషిని మోసగింపజూచును. మనిషి దేహములో ఒక భాగము మోసపోవును, మఱియొక భాగము మోసపోదు. కన్ను ముందునకు సాగుచున్నానని చెప్పును. లోచెవిలోని ద్రవము కదలకున్నానని చెప్పును. ఈ రెండు సాక్ష్యములకు పొత్తు కుదరక కడుపు తిప్పుట, తలనొప్పి, చెమట పట్టుట సంభవించును. 1957లోనే అమెరికా నౌకాదళపు హెలికాప్టరు సిమ్యులేటరులో ఈ వ్యాధి నమోదయినది. చిత్రమేమన, అందు శిష్యులకంటె అనుభవజ్ఞులైన గురువులే ఎక్కువగా బాధపడిరి. వేయి గంటలు ఎగిరినవాని దేహమునకు ఏ వంపునకు ఏ కదలిక రావలెనో తెలియును; రావలసినది రాకున్న అది ఊరకుండదు. తల త్రిప్పిన క్షణమునకు, ఎదుటి దృశ్యము తిరుగు క్షణమునకు నడుమ వ్యవధి సెకనులో యాబదవ వంతుకు మించరాదనియు, బొమ్మ సెకనుకు తొంబది మార్లయినను మాఱవలెననియు నేటి నిర్మాతలు పెట్టుకొన్న నియమములు ఈ బాధనుండి పుట్టినవే.

తుపాకి గుఱి విషయమున మఱియొక చిక్కు. హెడ్‌సెట్‌లోని ప్రతి వస్తువు, దగ్గఱదైనను దూరమైనను, వాస్తవముగా ఒకే దూరమున నున్న తెరపై కనిపించునది. చాచిన చేతి చివర తుపాకి ముందుకొయ్యను స్పష్టముగాను, లక్ష్యమును కొంచెము మసకగాను చూచుట గుఱికాని ప్రథమపాఠము. ఆ పాఠము ఇచట కుదరదు. కావున గుఱి నేర్పుటకు పెద్దతెరల పద్ధతియే నేటికిని మెఱుగు. అందులో నిజమైన తుపాకి చట్రమునే తీసికొని, గుండుకు బదులు లేజరు అమర్చి, వెనుకకు తన్నుటకై అణచిన గాలిని వాడుదురు. శిష్యుడు కాల్చిన తరువాత తెరపై ఒక వంకర గీత వచ్చును: ట్రిగ్గరు నొక్కుటకు ముందు కొన్ని క్షణములు తుపాకిమొన ఎట్లు తిరుగాడెనో ఒక రంగున, నొక్కిన పిదప ఎచటికి పోయెనో మఱియొక రంగున. ఊపిరి బిగబట్టనివాని గీత పైకి క్రిందికి అలలవలె పోవును. ట్రిగ్గరును మెల్లగా నొక్కక లాగివేసినవాని గీత చివరిక్షణమున ప్రక్కకు జాఱును. మైదానమున గురువు వెనుక నిలిచి ఊహించి చెప్పవలసిన తప్పు ఇచట శిష్యునికే కనిపించును. ఇంతటి స్పష్టమైన ఉపకారము ఈ యంత్రముల చరిత్రలో మఱియొకటి లేదనవచ్చును.

పోలీసుల శిక్షణకు ఈ తెరలను తెచ్చినవారిలో జోడీ షెక్టర్ ఒకడు. ఈ దక్షిణాఫ్రికా వాసి 1979లో ఫార్ములా వన్ కారుపందెములలో ప్రపంచవిజేత. పందెములు మాని, అమెరికాలోని జార్జియాలో కాల్పుల శిక్షణ యంత్రములు చేయు సంస్థను స్థాపించి, దానిని అమ్మి, ఇంగ్లండులో సేంద్రియ వ్యవసాయమునకు దిగి గేదెపాలతో జున్ను చేయుచు స్థిరపడెను. ఆయన జీవితకథ వేఱొక వ్యాసమునకు తగినది. మనకు కావలసినది ఆ యంత్రములు ప్రవేశపెట్టిన ప్రశ్న: కాల్చవలెనా, వలదా? సైనికునికి ఆ ప్రశ్న అప్పుడప్పుడు వచ్చును. పోలీసునకు అదియే ఉద్యోగము.

ఇచట భారతము జ్ఞప్తికి వచ్చును. ద్రోణుడు శిల్పులచే ఒక కృత్రిమపక్షిని చేయించి, చెట్టుకొమ్మపై నుంచి, శిష్యుల నొక్కొక్కరిని పిలిచి ఏమి కనిపించుచున్నదని అడిగెను. ధర్మరాజు చెట్టును, పక్షిని, గురువును, తమ్ములను చూచుచున్నానన్నాడు. గురువు మెచ్చక తొలగిపొమ్మన్నాడు. పక్షి శిరస్సు దప్ప అన్యము కనరాదన్న అర్జునునికి మెప్పు దక్కినది. విలుకానికి ఇది సరియైన పరీక్షయే. కాని నేటి పోలీసు శిక్షణాలయమున ఆ పరీక్షయే పెట్టినచో నెగ్గవలసినవాడు ధర్మరాజు. ఆపదలో నున్న మనిషి దృష్టి తనంతట తానే ఇఱుకగును, వినికిడి తగ్గును, ఎదుటివాని చేతిలోని వస్తువు దప్ప అన్యము కనరాదు. అర్జునుని ఏకాగ్రతను భయమే ఉచితముగా ఇచ్చును. శిక్షణ ఇయ్యవలసినది చెట్టును, కొమ్మను, వెనుకనున్న తమ్ములను చూడగల వెడల్పును.

ఒక సన్నివేశమును తీసికొందము. శిష్యునికి హెడ్‌సెట్ తొడిగిరి. ఎదుట ఒక ఇంటి వాకిలి, లోపలినుండి కేకలు. తలుపు త్రోయగా వంటగదిలో ఒకడు కూరగాయల కత్తి పట్టుకొని గోడకానుకొని నిలిచియున్నాడు. ఎవరికో బదులు చెప్పుచున్నట్లు గొణుగుచున్నాడు. ప్రక్కగదిలో ఒక స్త్రీ. ఆవలి బల్లయొద్ద కూర్చున్న శిక్షకుని ముందు మీటలు కలవు: శిష్యుడు గొంతెత్తి గద్దించినచో కత్తివాడు ఒక అడుగు ముందుకు వేయునట్లును, వెనుకకు జరిగి నెమ్మదిగా పేరు అడిగినచో కత్తి దించునట్లును అతడు కథను మలుపు త్రిప్పగలడు. రెండు నిమిషములలో సన్నివేశము ముగియును. హెడ్‌సెట్ తీసిన శిష్యుని ఎద ఇంకను కొట్టుకొనుచుండును. అసలైన పాఠము అప్పుడు మొదలగును. ఆ స్త్రీ ఎచట నుండెను? వెనుకకు తగ్గుటకు దారి ఏది? వాడు గొణిగిన మాటలలో నీకేమైన వినబడినదా? సగముమంది శిష్యులకు స్త్రీ గుర్తుండదన్నను నేను ఆశ్చర్యపడను. జరిగినదానిని పైనుండియు, కత్తివాని కన్నులనుండియు కూడ మరల చూపవచ్చును. ఈ సంభాషణ లేకున్న ఆ రెండు నిమిషములు ఆటగా మిగిలిపోవును.

అందుచే ఈ విద్యలో నిజమైన అధికారము యంత్రమునది కాదు, సన్నివేశములు వ్రాయువానిది. పది కథలలో తొమ్మిది కాల్పులతో ముగిసినచో శిష్యుడు నేర్చునది కాల్చుట కాదు. ప్రతి తలుపు వెనుక తుపాకి యుండునను నమ్మకమును. ఆ నమ్మకముతో వాడు వీధిలోనికి పోవును. వాస్తవమున పోలీసు తట్టు తలుపులలో నూటికి ఎన్ని అట్టివి? ఈ లోపమును గుర్తించియే కాబోలు, విద్యుదాఘాతమిచ్చు టేజర్ల అమ్మకమునకు ప్రసిద్ధి కెక్కిన ఆక్సాన్ సంస్థ మానసికరోగి చెవులతో విని, వాని కన్నులతో పోలీసును చూచునట్లు కథలు కల్పించినది. మంచిదే. ఆయుధమమ్మువాడే ఆయుధమెప్పుడు తీయవలెనో నేర్పువాడు కూడ నగుట మాత్రము నాకు రుచింపదు.

డబ్బు సంగతి రెండు మాటలలో చెప్పుదును. హెడ్‌సెట్లను చౌక చేసినవాడు పామర్ లక్కీ. ఇరువది యేండ్లు నిండునిండకమునుపు 2012లో ఆయన ప్రజలనుండి చందాలు కూర్చుకొని మొదలిడిన ఆక్యులస్ సంస్థను 2014లో ఫేస్‌బుక్ 200 కోట్ల డాలర్లకు కొన్నది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2021లో అమెరికా సైన్యముతో పదేండ్లలో దాదాపు 2,200 కోట్ల డాలర్ల వఱకు పోగల ఒప్పందము చేసికొని, నిజమైన దృశ్యముపై కల్పితచిత్రములను చూపు కన్నుజోళ్లను సైనికుల కిచ్చినది. పరీక్షించిన సైనికులు తలనొప్పి, వికారము, కన్నుల అలసట యని మొఱపెట్టుకొనిరి. 1957లో నౌకాదళపు సిమ్యులేటరులో నమోదయిన బాధలవంటివే ఆ ఫిర్యాదులు. 2025లో ఆ పని లక్కీ కొత్త సంస్థయైన ఆండురిల్ చేతికి పోయినది.

ఈ యంత్రమునకు మఱియొక ముఖము కలదు. దానిని విడిచిన కథ సగమే. 1990 దశకమున అట్లాంటాలో బార్బరా రాత్‌బామ్, లారీ హాడ్జెస్ అను పరిశోధకులు వియత్నాం యుద్ధపు పీడకలలనుండి తప్పించుకొనలేని మాజీ సైనికులకు కల్పిత హెలికాప్టరును, కల్పిత అడవిని చూపి చికిత్స ప్రారంభించిరి. తరువాత సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ రిజో బృందము ఇరాక్ వీధులను నిర్మించినది. సైనికునిచే తన కథను చెప్పించుచు, వైద్యుడు దానికి తగినట్లు ఒక ప్రేలుడును, ఒక పొగను, పీఠపు కంపనమును, కాలిన రబ్బరు వాసనను కూడ మెల్లమెల్లగా చేర్చును. భయమును దాచిపెట్టక, సురక్షితమైన గదిలో మాటిమాటికి ఎదుర్కొనునట్లు చేసి దాని కోఱలు తీయుట ఇందలి సూత్రము. ఆ వీధుల బొమ్మలలో చాల భాగము అదే విశ్వవిద్యాలయపు ఆశ్రయమున సైనికశిక్షణకై పుట్టి, పిమ్మట బజారులో ఆటగా అమ్ముడుపోయిన ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్ అను సాఫ్ట్‌వేరునుండి తీసికొన్నవే.

భారతీయుడైన తండ్రికి జన్మించిన జర్మన్ చలనచిత్రకారుడు హారున్ ఫారోకీ 2009, 2010లలో ఈ రెండు ప్రపంచములను ప్రక్కప్రక్కన చూపు చిత్రములు తీసెను. యుద్ధమునకు పంపుటకు చేసిన బొమ్మలలో ప్రతి వస్తువునకు నీడ కలదనియు, యుద్ధమునుండి వచ్చినవానిని బాగుచేయుటకు చేసినవానిలో నీడలు లేవనియు ఆయన కనిపెట్టెను. కారణము మఱేమియు కాదు, చికిత్సకు కేటాయించిన డబ్బు తక్కువ. నీడకు కూడ ఖర్చగును.

మన దేశమున ఈ యంత్రముల తయారీలో తెలుగువారి పాలు చిన్నది కాదు. 1993లో హైదరాబాదున స్థాపితమైన జెన్ టెక్నాలజీస్ సంస్థ కాల్పుల సిమ్యులేటర్లును, ట్యాంకు నడుపుట నేర్పు సిమ్యులేటర్లును చేసి సైన్యమునకు, పోలీసు దళములకు అందించుచున్నది. రక్షణమంత్రిత్వశాఖ 2021 సెప్టెంబరులో త్రివిధ దళములు సిమ్యులేటర్లను విరివిగా వాడుటకై ఒక విధానపత్రమును వెలువరించినది. తూటా ఖరీదు, ట్యాంకు ఇంజను ఆయుర్దాయము, జనావాసములు పెరిగి కాల్పుల మైదానములు తఱిగిపోవుట ఇవి యన్నియు ఆ దిక్కునకే త్రోయుచున్నవి. సైన్యము విషయమున ఇందు తర్కింపవలసినది తక్కువ.

పోలీసు విషయమున మాత్రము బయటి సరకును యథాతథముగా దించుకొన్నచో ప్రయోజనము స్వల్పము. అమెరికా కథలలో పోలీసు ఒఱలోని తుపాకిపై చేయి వేసి కారు దగ్గఱకు నడచును. మన కానిస్టేబులు చేతిలో తఱచుగా నుండునది లాఠీ, కొన్ని వేళల అదియు లేదు. వాని కష్టము ఒంటరి దుండగునితో కంటె గుంపుతో నెక్కువ. వినాయక నిమజ్జనమునాడు హైదరాబాదు ట్యాంకుబండు మీద రెండు ఊరేగింపులు ఎదురెదురు పడి డప్పుల హోరులో మాట వినబడనప్పుడు ఎచట నిలువవలెను, ఎవరిని ముందు పలుకరింపవలెను? గడపలో నిలిచిన ముసలితల్లి ఒకచోట ‘బిడ్డా, వాన్ని కొట్టకురి, వానికి తెలివి సక్కగ లేదు’ అనును. శ్రీకాకుళపు పల్లెలో అట్టి తల్లియే ‘ఆడినేటీ సెయ్యకండి బాబూ’ అనును. ఆ మాటలోని వేడికోలును విని ‘నువ్వు ఇటు రా అమ్మా’ యని ఆమెను ప్రక్కకు తీయుట ఏ విదేశీ సాఫ్ట్‌వేరును నేర్పదు. ఇవి తెలిసినవారు మనకు ప్రతి ఠాణాలోను కలరు: ముప్పది యేండ్లు రాత్రిగస్తీలు తిరిగి పదవీవిరమణకు దగ్గఱపడిన హెడ్‌కానిస్టేబుళ్లు. వారిని ప్రోగ్రామర్ల ప్రక్కన కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిచే పదేసి సంఘటనలు చెప్పించి, అందులో చేయి చేసికొనక చక్కబెట్టినవే ఎక్కువగా ఏర్చి వ్రాయింపవలెను. టెండరు పత్రమున హెడ్‌సెట్ల సంఖ్యతోపాటు ఆ వ్రాతపనికిని ఒక పద్దు చూపవలెను.